రెండో లైను

ఆ అట్ట పక్కన పెట్టు తల్లీ, ముందు. నాకా చదివి వినిపిస్తున్నావు? "కంగారు పడకండి, మీరు క్షేమంగానే ఉన్నారు, తలుపు తెరుచుకునేదాకా నేను మీతోనే ఉంటాను." ఎవరు రాశారే ఆ మాటలు? నేను. నువ్విప్పుడు కూర్చున్న ఆ చక్రం ఊడిన కుర్చీలోనే, ఒళ్లో అన్నం డబ్బా పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో రాశాను. నా మాటలు నాకే వడ్డిస్తావా?

అవును, నేనే. అక్కనే. గొంతు పోల్చుకోలేదా? పోనీలే, లిఫ్టు మైకులోంచి ఎవరు మాట్లాడినా రేకు డబ్బాలో గులకరాయి వేసి ఊపినట్టే ఉంటుంది.

ఎక్కడున్నానా? మన లిఫ్టులోనే. అవునమ్మా, మన ఆఫీసు లిఫ్టులో. నవ్వు, ఫరవాలేదు, నవ్వుకో. నీ చోట నేనున్నా నవ్వేదాన్నే. ఊరంతటిలో ఏ లిఫ్టు ఎక్కడ ఆగినా, లోపలివాళ్లు ఆ గంట బొమ్మ నొక్కితే మోగేది మన గదిలో. మెకానిక్ వెళ్లి తలుపు తీసేదాకా వాళ్లని మాటల్లో పెట్టి కూర్చోబెట్టేది మనం. తీరా చూస్తే మన కొంపలో లిఫ్టే ఇలా!

ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ నడుమ ఉన్నాను. తలుపు సందులోంచి చూస్తే ఒట్టి సిమెంటు గోడ. కట్టినప్పుడు ఏ మేస్త్రీ గీశాడో ఏమో, దాని మీద సుద్దతో ఒక బాణం గుర్తు. పైకి. అంతే, ఇంకేం లేదు చూడ్డానికి.

వద్దు! మెకానిక్ బాబాయ్‌ని పిలవకు. ఇప్పుడే కదా భోజనానికి కూర్చున్నాడు, తిననీ పాపం. నాకేం తొందర లేదు.

ఏంటీ? దీపమా? బోర్డు మీద నా దీపం ఆరి ఆరి వెలగట్లేదా? నిలకడగా వెలుగుతోందా?

ఆ... ఏదోలే. ఆ బోర్డు దీపాలకి ఒక్కోదానికి ఒక్కో రోగం. దాని సంగతి తర్వాత చెప్తా.

నువ్వు కాసేపు లైన్లో ఉండు, చాలు. చదవకు. ఊరికే ఉండు. తలుపు తెరుచుకునేదాకా లైను వదలకూడదని రూలు ఉంది కదా, ఆ రూలంటే ఒళ్లు మంట నాకు. మొదటిసారి బాగుందనిపిస్తోంది.

పైకెందుకు బయల్దేరానో తెలుసా? తెలుసూ? ఓహో. అందరికీ తెలిసిపోయిందన్నమాట.

ఏమన్నావు? కంగ్రాట్సా? నోర్ముయ్.

కోప్పడకు. నీ మీద కాదు. ఈ మధ్య నా నోరు నా మాట వినట్లేదు. మొన్న గదిలో నాతో ఉండే అమ్మాయి జంతికలు నములుతుంటే "కాస్త శబ్దం రాకుండా నమలలేవా" అని అరిచేశాను. జంతికలే! శబ్దం రాకుండా ఎలా నములుతుంది? పాపం, నోట్లో ఉన్నది అలాగే పెట్టుకుని కూర్చుంది పిచ్చి మొహం. ఆ తర్వాత చెంచా చేతిలోంచి జారి కింద పడిందని నేను ఏడ్చాను. చెంచాకి దెబ్బ తగల్లేదు, నా కాలి మీదా పడలేదు. ఊరికే పడింది. దానికి ఎక్కెక్కి ఏడ్చాను. ఆ పిల్లే లేచి వచ్చి చెంచా కడిగిచ్చింది.

సరే, అదలా ఉంచు.

పైన చివరి అంతస్తులో గడియారం సార్ నా కోసం కూర్చుని ఉన్నాడు. మన మేనేజరే. ఆ పేరు నేను పెట్టిందేలే, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో నిమిషాలతో సహా గోడకి అంటిస్తాడు కదా, అందుకని. అయ్యో, ఇది రికార్డు అవుతోంది కదూ? అవనీ. సోమవారం సోమవారం మనందర్నీ కూర్చోబెట్టి రికార్డింగులు వినిపిస్తాడుగా, ఇదీ వినిపించుకోనీ.

ఇవాళ నన్ను టీమ్ లీడర్ని చేస్తాడట. కేకు కూడా తెప్పించాడట. నేను "అలాగే సార్" అంటే చాలు, కేకు కోసేస్తారు.

అమ్మకి పొద్దున్నే చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. అమ్మ పెద్దమ్మకి చెప్పింది, పెద్దమ్మ పిన్నికి చెప్పింది, పిన్ని నోట్లో మాట నిలిచిందెప్పుడు? ఈపాటికి మా చుట్టాల్లో ఈ కంపెనీకి నేనే యజమానిని. మా వదిన ఫోన్ చేసి "మా తమ్ముడికి ఏదైనా చూడమ్మా" అనేసింది కూడా. ఏం చూడమంటావు వదినా, ఇక్కడ ఉన్నవాళ్ల కుర్చీలే తీసేస్తున్నారు.

అమ్మ ఏమంటుందో తెలుసా ఎప్పుడూ? "నీకేమే, చల్లని గదిలో కుర్చీ మీద కూర్చుని మాట్లాడటమేగా పని! చిన్నప్పట్నుంచీ నువ్వు చేసేది అదేగా." నిజమే మరి. చూసేవాళ్లకి అంతే కనపడుతుంది. నేను బరువులెత్తట్లేదు, ఎండలో నిలబడట్లేదు. చెవికి ఒకటి తగిలించుకుని మాట్లాడతాను. అలసిపోయానంటే నాకే సిగ్గేస్తుంది.

కానీ నీకు తెలుసు కదా. నువ్వు చేరి మూడు వారాలే అయినా, నీకు తెలిసే ఉంటుంది ఈపాటికి.

వాళ్లు వగరుస్తుంటారు. మనం "నాతో పాటు పీల్చండి" అంటాం. అనడమే కాదు, మైకు దగ్గర పెట్టుకుని వాళ్లకి వినపడేలా పీల్చి వదలాలి. అదేగా మన పద్ధతి. వాళ్ల ఊపిరి మన ఊపిరి వెంట నడవాలి. బాగానే ఉంది. మరి వాళ్ల దగ్గర పోయిన ఆ వగర్పు ఎక్కడికి పోతుందే? గాలిలో కలిసిపోతుందా? నాకైతే అది తీగ వెంబడి వచ్చి నా ఛాతీలో కూర్చుంటోంది.

నీకో సంగతి చెప్పనా? నవ్వకు. ఊపిరి ఎవరికైనా దానంతటదే రావాలి కదా. నాకు రావట్లేదు. పొద్దున కళ్లు తెరవగానే నేను పీల్చాలి. గుర్తుపెట్టుకుని పీల్చాలి, గుర్తుపెట్టుకుని వదలాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని లోపలికి, బయటికి అని నాకు నేనే చెప్పుకుంటూ ఉంటాను. పక్కనావిడ మొన్న అడిగింది, నెలలు నిండాయా అమ్మా అని!

చూశావా, నవ్వావు.

డాక్టరు దగ్గరికి వెళ్లకేం, వెళ్లాను. ఛాతీకి తీగలంటించి చీటీ తీసి చూశాడు. "గుండెకి ఏమీ లేదు, బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది. ఏం పని చేస్తావు?" అన్నాడు. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడతానండీ అన్నాను. "ఓ, అంతేనా" అన్నాడు. అంతేనా! "ఒత్తిడి అమ్మా. స్ట్రెస్. తగ్గించుకో." ఉప్పు తగ్గించుకో అన్నట్టు చెప్పాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఎవరు వేశారో తెలుస్తుంది, ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది. ఇది ఎవరు వేశారు? ఏ డబ్బాలోంచి వేశారు? చెప్పడు. తర్వాతి పేషెంటు అని గంట కొట్టాడు.

గంట కొడితే నేను లేచి నిలబడి "కంగారు పడకండి" అన్నాను ఆయనతో. ఒట్టు. నోట్లోంచి వచ్చేసింది.

పోనీ ఆఫీసు వాళ్లు ఊరుకున్నారా? ఒత్తిడి తగ్గించే క్లాసు పెట్టించారు. నువ్వింకా చేరలేదప్పటికి. ఒకాయన వచ్చాడు, నున్నటి గుండు, నున్నటి గొంతు. మనిషికో రబ్బరు బంతి పంచిపెట్టాడు. మీ బాధంతా అందులో పిసకండి అన్నాడు. అది కూడా ఎప్పుడూ, మన భోజనాల వేళ! తిండి మానేసి బంతి పిసకాలి. నాకైతే అదీ కుదర్లేదు. బోర్డు దగ్గర ఎవరూ లేరని, ఒక చెవికి ఫోను తగిలించుకునే కూర్చోమన్నాడు గడియారం సార్.

అందరూ కళ్లు మూసుకుని సముద్రం ఊహించుకుంటున్నారు. నేను మెల్లగా "బాబూ, బటన్లన్నీ ఒకేసారి నొక్కకండి" అంటున్నాను. ఆ గుండాయన నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, "మీరు ఈ క్షణంలో లేరు మేడమ్" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఈ క్షణంలోనే ఉన్నానండీ, రెండు క్షణాల్లో ఉన్నాను అన్నాను. అందరూ నవ్వారు. ఆయన బంతి నా చేతికిచ్చి పిసకమన్నాడు. పిసికాను. పగిలింది. లోపల ఏముందనుకున్నావు? పిండి. చొక్కా నిండా పిండి ఆయనకి.

ఇక ఆ రెండు లైన్ల గొడవ చెప్తా విను. అసలు దాని కోసమే ఇదంతా.

ఇదివరకు మనకి ఒకరికి ఒక లైనే ఉండేది. నా పక్కన నిద్రమొహం అన్నయ్య కూర్చునేవాడు. పేరుకే నిద్రమొహం, కళ్లు సగం మూసుకుని మాట్లాడతాడు గానీ ఆయన గొంతు వింటే ఏడ్చే పిల్లలు కూడా ఊరుకుంటారు. ఆ రోజు ఆయనకి జ్వరం. బయట పెద్ద వాన, కరెంటు పోతూ వస్తూ ఉంది. బోర్డు మీద రెండు దీపాలు ఒకేసారి వెలిగాయి. మిగతావాళ్ల లైన్లన్నీ నిండిపోయాయి. నేను రెండూ ఎత్తాను.

ఎత్తక ఏం చేస్తాను? లోపల మనుషులున్నారు.

ఒక చెవిలో కూరగాయల సంచీతో ఒక ముసలావిడ. ఇంకో చెవిలో ఎవరో కుర్రాడు, ఉద్యోగం ఇంటర్వ్యూకి పోతూ ఇరుక్కున్నాడు, టై కట్టుకుని ఉక్కిరిబిక్కిరి అవుతున్నాడు. ఇద్దరికీ సరిపోయే మాటలే ఏరుకుని మాట్లాడాను. "వెనక గోడకి ఆనుకుని కూర్చోండి. మెడ దగ్గర వదులు చేసుకోండి." ఆవిడ అంటుంది, "నా మెడలో ఏమీ లేదమ్మా." కుర్రాడు అంటాడు, "టై తీసేస్తే ముడి మళ్లీ నాకు రాదండీ." పగలబడి నవ్వాల్సిన సంగతే, ఇప్పుడు చెప్పుకుంటే. అప్పుడు నవ్వెక్కడిది? ఒకరితో పాటు పీల్చాలి, ఇంకొకరితో పాటు వదలాలి. ఇద్దరి ఊపిరీ ఒకటి కాదు కదా. నాది మధ్యలో ఎక్కడో తప్పిపోయింది. ఆ రోజు తప్పిపోయింది ఇంకా ఇంటికి రాలేదు.

ఇద్దరూ బయటపడ్డారు. ఇద్దరూ మెచ్చుకున్నారు. ముసలావిడ మనవరాలి చేత ఫోన్ చేయించి, కన్నకూతురిలా మాట్లాడిందని చెప్పించింది.

సోమవారం గడియారం సార్ ఆ రికార్డింగు అందరికీ వినిపించాడు. "చూడండి! ఒక మనిషి, రెండు లైన్లు! సాధ్యం కాదన్నవాళ్లు చెవులు తెరుచుకుని వినండి." నిజం చెప్పనా? ఉబ్బిపోయాను. పూరీలా పొంగాను. చప్పట్లు కొడుతుంటే తల వంచుకుని సిగ్గు పడ్డాను కూడా, పెళ్లికూతురిలా.

ఒక్కటి మాత్రం ఆ రికార్డింగులో ఎవరికీ వినపడలేదు. మధ్యలో ఆవిడ ఏదో అడిగింది. నేను కుర్రాడికి జవాబు చెప్తున్నాను. ఆవిడకి అర్థమైపోయింది, నేను ఇంకెవరితోనో కూడా ఉన్నానని. "నువ్వు వాళ్లని చూసుకో తల్లీ, నేను అరవకుండా కూర్చుంటాలే" అంది. కూర్చుంది. నాకు అడ్డం రాకూడదని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బట్ట లోపలి ఏడుపు రికార్డులో గాలి శబ్దంలా ఉంటుంది. నాకు తెలుసు అది గాలి కాదని. చప్పట్లు కొట్టినవాళ్లకి తెలియదు.

ఆ మర్నాటి నుంచి నాకు రోజూ రెండు. ఎలాగూ చేయగలదుగా, చేసిందిగా! జ్వరం తగ్గి నిద్రమొహం అన్నయ్య తిరిగొచ్చేసరికి, అన్నయ్యని వేరే చోటికి పంపుతున్నామన్నారు. ఏ చోటికో ఎవరూ చెప్పలేదు. ఆయన కుర్చీ ఉన్న చోట ఇప్పుడు ఏముంది చెప్పు? తల తిప్పి చూడు. ఆ, మంచినీళ్ల క్యాను. నువ్వు రోజూ గ్లాసు పట్టుకుని వెళ్లేది అక్కడికే. అది తెచ్చిపెట్టింది నేనేనే. నా సామర్థ్యమే తెచ్చిపెట్టింది.

వచ్చే నెల నుంచి అందరికీ రెండేసి లైన్లు. అర్థమైందా? అందుకే నేను టీమ్ లీడర్ని. నాకు ఎలా వచ్చిందో మీ అందరికీ నేర్పాలి. ముందు నీకు. పిచ్చుక గొంతేసుకుని, ఇంకా అట్ట చూసి చదివే నీకు. ఒక చెవిలో ఒకరి ఏడుపు, ఇంకో చెవిలో ఇంకొకరిది. "మెల్లగా అలవాటవుతుంది చెల్లీ" అని నేనే చెప్పాలి. భుజం మీద చెయ్యేసి. గుండాయనలా.

వద్దని చెప్పొచ్చు కదా అంటావా? నోరుందిగా అంటావా?

ఉంది. దాంతోనే వచ్చింది చిక్కు. రెండేళ్లుగా ఈ నోటికి ఏం నేర్పారో నీ చేతిలో అట్ట మీదే ఉంది, కింద ఎర్ర గీత దగ్గర చూడు. అనకూడని మాటలు. "ఇరుక్కున్నారు" అనకూడదు. "తెలియదు" అనకూడదు. "లేదు" అసలే అనకూడదు. మెకానిక్ వచ్చాడా అని అడిగితే లేదు అనకూడదు, దారిలో ఉన్నాడు అనాలి. గాలి ఆడుతుందా అంటే పైన సందులున్నాయి అనాలి. ఎవరు ఏమడిగినా మెత్తగా, పైకి లేచే గొంతుతో "అలాగేనండీ". మెత్తగా మెత్తగా అని నా నోరు దూదైపోయిందే!

అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను ఇవాళ పొద్దున. సార్, రెండు లైన్లు కుదరవు. సార్, నాకు వద్దు. అద్దం ముందు బాగానే వచ్చింది. నోట్లో బ్రష్షు కూడా ఉంది, అయినా వచ్చింది. కిందికి దిగి బస్సులో కూర్చునేసరికి, ఎవరో చోటు ఇమ్మంటే "అలాగేనండీ" అని లేచి నిలబడిపోయాను. అవతల ఇంకో సీటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చోవచ్చు కదా ఆయన? అడగలేదు నేను.

ఆ నోటితో ఇప్పుడు పైకెళ్లి...

ఏంటి? ఏమైంది? ఎందుకలా ఆగావు?

ఇంకో దీపమా? ఎక్కడ? ఆరి ఆరి వెలుగుతోందా? సరిగ్గా చూడు, ఎర్రగా, ఆరి ఆరి?

ఎత్తు మరి! ఎత్తమ్మా, ఎందుకు చూస్తున్నావు? పక్కన వాళ్లెవరూ లేరా? భోజనాలకి పోయారా అందరూ? ఒక్కదానివేనా?

రూలా? నా లైను వదలకూడదా? తలుపు తెరుచుకునేదాకా... అబ్బా, నా రూలు నాకే అప్పజెప్పకే!

ఏమన్నావు?

మళ్లీ చెప్పు.

రెండూ ఎత్తుతావా. నాలాగా.

వద్దు. చెయ్యి తీయి. చెల్లీ, చెయ్యి తీయి ఆ బటన్ మీద నుంచి. విను. జాగ్రత్తగా విను. నా దీపం నిలకడగా వెలుగుతోందన్నావు కదా. అది బోర్డు రోగం కాదు. లిఫ్టు చెడిపోయి ఆగితే దీపం ఆరి ఆరి వెలుగుతుంది. లోపల ఉన్న మనిషి తన చేత్తో ఆపితే నిలకడగా వెలుగుతుంది. నీకింకా చెప్పి ఉండరు. పాత లిఫ్టుల్లో బటన్ల కింద ఎర్ర మీట ఒకటి ఉంటుంది, చూశావా? అది.

నేనే ఆపాను. ఏమీ పాడవలేదు. నాకేమీ కాలేదు.

ఎందుకంటే ఏం చెప్పను? ఆరో అంతస్తు దాటగానే ఊపిరి అందలేదు. ఇంకాస్త పైకి వెళ్తే "అలాగే సార్" అనేస్తానని తెలిసిపోయింది. చెయ్యి దానంతటదే వెళ్లి నొక్కింది. ఇక్కడ ఫోను కూడా అందదు, అమ్మ అడగదు, సార్ అడగడు, ఈ గోడ నన్నేమీ అడగట్లేదు. హాయిగా ఉందనుకున్నాను. కాసేపటికి హాయి పోయి మళ్లీ ఛాతీ బిగిసింది. అప్పుడు గంట నొక్కాను. ఎవరో ఒకరు "నాతో పాటు పీల్చండి" అంటారని. అంతే. చూడు నా బతుకు.

నువ్వు చదివావు. ఆ పిచ్చుక గొంతుతో, తప్పులు పోతూ చదివావు. నాకు ఒళ్లు మండింది. మండింది గానీ, ఊపిరి వచ్చిందే. అదే ఇంకా మంట. నా మాటలకి నేనే పడిపోయాను.

సరే, ఇక వెళ్లు. నన్ను హోల్డులో పెట్టేయ్. అవతల మనిషిని ఎత్తు. ఒక్క చెవితో కాదు, పూర్తిగా ఎత్తు. పేరు అడుగు ముందు. అట్ట చూడకు, నీకు వచ్చు. వెళ్లు.

హమ్మయ్య. పెట్టేసింది.

ఈ సంగీతం ఒకటి, హోల్డులో. పిల్లనగ్రోవి. ఎవరు ఎన్నుకున్నారో. ఇరుక్కున్నవాడికి ఇది వినిపిస్తే పైకి పోయాననుకుంటాడు.

హోల్డులో ఉన్నా రికార్డు ఆగదు. కాబట్టి సార్, ఇది మీకే. సోమవారం వింటారు కదా. అందరి ముందూ వినిపించండి, చప్పట్లు కొట్టించండి. సార్, ఆ రోజు ఆ ముసలావిడ... కాదు. అలా మొదలుపెడితే కథలా ఉంటుంది, మీరు వాచీ చూసుకుంటారు. సూటిగా చెప్పాలి. సార్, వచ్చే నెల నుంచి రెండు లైన్లు...

సార్, మీరు నా మీద పెట్టుకున్న నమ్మకానికి...

ఛీ! నమ్మకం ఏంటి మధ్యలో! రికార్డులో కూడా వణుకుతున్నాను చూడు. గోడతో మాట్లాడుతూ వణుకుతున్నాను.

సరే. ఇంకా ఎంతసేపు ఇలా? మీట పైకి లాగేస్తే సరి. కిందికి దిగి, వీధి చివర టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుంటాను. ఫోన్ చేస్తే ఎత్తను. సాయంత్రం అమ్మకి ఏం చెప్పాలో సాయంత్రం చూసుకుందాం. లాగుతున్నా.

ఆ. కదిలింది.

అయ్యో. ఇదేంటి, బాణం వైపే పోతోంది! పైకి పోతోందేంటే! కింది బటన్ నొక్కాను కదా... మొదట నేనే కదూ చివరి అంతస్తు నొక్కింది. దాన్నే గుర్తు పెట్టుకుంది, దొంగ మొహంది. మా అమ్మలాగే, ఒకసారి అవునంటే ఇక వదలదు.

ఏడు. ఎనిమిది. మీట మళ్లీ నొక్కనా? నొక్కితే? మళ్లీ పిచ్చుక బోర్డు మీద ఇంకో దీపం. అవతలి మనిషితో మాట్లాడుతున్న పిల్ల ఇటు చూస్తుంది. రెండూ ఎత్తుతుంది. నాలాగా.

నొక్కను. పోనీ. ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోనీ. ఏమవుతుంది, నోరు దూదే కదా, దూదితోనే మాట్లాడదాం.

కేకు వాసన ఇక్కడికే వస్తోంది.

తలుపు తెరుచుకుంటోంది.

ఆ, సార్. నమస్తే సార్. ఆలస్యమైంది, అవును సార్. ఏంటి సార్? లిఫ్టు పాడైందా?

లేదు సార్.

లేదు. నేనే ఆపాను.

ఆ చాకు కాస్త కింద పెట్టండి సార్. కేకు తర్వాత చూద్దాం. ముందు మీరు కూర్చోండి. వెనక్కి ఆనుకుని కూర్చోండి సార్. కంగారు పడకండి, మీరు క్షేమంగానే ఉన్నారు.